మోకాళ్ళ దాకా మావయ్య

మా మావయ్య ఆరంతస్తుల ఎత్తుంటాడు. ఈ మాట చెప్పింది ఆయనే కాబట్టి కాస్త తగ్గించుకుని వినాలి. మామూలుగా నిలబడితే నా భుజం దాటడు. కానీ ఎక్కడో ఒక మహానగరంలో మేడంత తెర ఉన్న హాలు ఒకటుందట. మునిగిపోయిన ఓడ గురించి తీసిన డాక్యుమెంటరీ ఆ తెర మీద ఆడిందట. అందులో తాను ఆరంతస్తుల ఎత్తున కనబడతానని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు. మా ఇంట్లో వినేవాళ్ళం మరీ ఎక్కువమందిమి.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. వయసులో ఉండగా ఓడల మీద వంట చేసేవాడు. ఆ తరువాత ఒక ఆసుపత్రి క్యాంటీన్‌లో చేశాడు. ఇప్పుడు ఇంట్లో చేస్తున్నాడు. ఎక్కడ చేసినా ఒంటికాలి మీదే. ఎడమ కాలు నేలకు ఆనించి, కుడి పాదాన్ని ఎడమ పిక్కకు రాసుకుంటూ, కొంగలా నిలబడి ఉల్లిపాయలు తరుగుతాడు. రెండు కాళ్ళ మీద నిలబడి వండితే కూరకు రుచి రాదనుకుంటాడేమో తెలియదు.

ఆయన చెప్పే కథ ఇది. ఏదో కాలంలో తుఫానులో మునిగిన పెద్ద ఓడ ఒకటి సముద్రం అడుగున పడి ఉంది. దాన్ని వెతికి సినిమా తీయడానికి ఒక కంపెనీ వాళ్ళు వేరే ఓడ మాట్లాడుకుని, ఈతగాళ్ళతో, బీరువాలంత కెమెరాలతో నెలల తరబడి సముద్రం మీద ఉన్నారు. ఆ ఓడకు మావయ్య వంటవాడు. చివరికి మునిగిన ఓడ గంటను తాళ్ళు కట్టి పైకి లాగారు. అప్పుడు ఓడలో ఉన్నవాళ్ళంతా పై అంతస్తు కటకటాల దగ్గర వరసగా నిలబడి చూస్తుంటే, కింది నుంచి కెమెరా వాళ్ళను పట్టుకుంది. "వంటాయనా, నువ్వు తెర మీద ఆరంతస్తులుంటావ్," అని ఆ కెమెరామనే భుజం తట్టి చెప్పాడట.

ఇంతా చేసి ఆ సినిమాను మావయ్య కూడా చూడలేదు. అలాంటి తెర ఉన్న ఊరి వైపు మా వంశంలో ఎవరూ వెళ్ళిన పాపాన పోలేదు.

కథ వరకూ బాగానే ఉంది. చిక్కంతా అత్తయ్యతో. మావయ్య ఆ ఓడ మీద ఉన్నానని చెప్పే రోజుల్లోనే, ఇక్కడ నా మరదలు నెలలు నిండకుండా పుట్టింది. తెల్లవారకముందే మా అమ్మ అత్తయ్యను పాల వ్యాన్లో ఎక్కించుకుని, పాల డబ్బాల మధ్య కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. మావయ్య ఇల్లు చేరేసరికి పిల్ల మెడ నిలబెట్టి, ఈ కొత్త మనిషెవరన్నట్టు చూసిందట. ఇంతకాలం ఎక్కడున్నారని అత్తయ్య అడిగితే, "నడి సముద్రంలో ఉన్నవాడికి పడవ ఎక్కడ దొరుకుతుంది? ఈదుకుంటూ రానా?" అన్నాడు. ఆ రోజు మొదలు ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

అత్తయ్య ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ముఖ్యంగా కొన్న ప్యాంట్లకు కాళ్ళు పొట్టి చేసి అంచు కుట్టడంలో ఆమెకు పేరు. మొగుడే పొట్టివాడు కావడంతో ఆ పనిలో చేయి ఇంట్లోనే తిరిగింది. మావయ్య ఓడ కథ ఎత్తుకున్నప్పుడల్లా అత్తయ్య మిషను చప్పుడు పెంచేది. నలుగురిలో ఎవరైనా "నిజమేనా అమ్మా?" అని అడిగితే, "కోతలకేం, ఆయన వంటవాడు కదా," అనేది.

నాకొక్కదానికి మాత్రం ఆమె లోపలి మాట తెలుసు. కాజాలు కుట్టడం నేర్పుతూ ఒకసారి చెప్పింది.

"ఏ సినిమా లేదు, ఏ ఓడా లేదే. ఆ ఓడ వాళ్ళు పనిలోంచి తీసేసుంటారు. ఉత్త చేతులతో నా ముందుకు రాలేక, ఏ రేవులోనో మూటలు మోసుకుంటూ ఉండిపోయుంటారు మీ మావయ్య. సిగ్గుపడే మనిషి. ఆ సిగ్గు కప్పుకోడానికి ఇంత కథ అల్లారు. అల్లుకోనీలే పాపం."

"మరి అలా అని ఆయనతో చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"చెప్తే ఆ కథ కూడా మిగలదు ఆయనకి," అంది.

అంటే, మావయ్య నిజం చెబుతున్నానని ఆమె ఒక్కసారి నమ్మితే చాలనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాడు. అత్తయ్య అది అబద్ధమని నమ్మి, ఆ అబద్ధం మీద జాలిపడి, ఇన్నేళ్ళు కాపురం చేసింది. నాకైతే ఇద్దరి మీదా కోపమే. ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు మధ్యలో ఓ సముద్రాన్ని పెట్టుకోవడమేమిటి?

ఇక మా ఆయన సంగతి. ఆయన ఒక వస్తువు కొంటే దానికి బంధువులను కూడా తేవాలి. గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టరు కొన్నాడు. అది ఒంటరిదైపోతుందని తెర కొన్నాడు. తెరకు తోడు నిలువెత్తు స్పీకర్లు. స్పీకర్లు కొన్నాక గదిలోకి వెలుతురు రాకూడదని దుప్పట్లంత మందం కిటికీ తెరలు. ఇప్పుడు మా ముందుగదిలో పట్టపగలు కూడా గోడలు తడుముకుంటూ నడవాలి. నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తాను. పగలంతా జనానికి చూపు సరిచేసి, ఇంటికొచ్చి సోఫా కాలికి తగిలి పడుతుంటాను.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన గంతులేస్తూ వచ్చాడు.

"మావయ్యగారి సినిమా దొరికింది! ఆ ఓడ సినిమాని ఇళ్ళల్లో చూసేలా విడుదల చేశారు. మన భాషలో వ్యాఖ్యానం కూడా పెట్టారు."

ఇన్నేళ్ళు బాగానే సాగిన కథను ఇప్పుడు కదపడం ఎందుకనుకున్నాను. కానీ మా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. నేను కాఫీ కలిపేలోగా మావయ్యకు ఫోను వెళ్ళిపోయింది.

మావయ్య మధ్యాహ్నానికల్లా దిగాడు. గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడిలో బహుమతి అందుకోబోయే పిల్లవాడిలా ఉన్నాడు. దారిలో మంగలికి, మందుల షాపు ఆయనకు, మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయనకు చెప్పి మరీ వచ్చాడు. వెంట నా మరదలు. తండ్రి కథను బడిలో చెప్పి, నమ్మని పిల్లలతో జుట్లు పట్టుకుని కొట్లాడిన మనిషి అది. ఇప్పుడు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. నమ్మకం మాత్రం పాలపళ్ళ నాటిదే. అందరి వెనకా అత్తయ్య, ఎవరిదో ప్యాంటు చేతిలో పట్టుకుని, సూదీ దారంతో సహా వచ్చింది.

"చీకట్లో ఏం కుడతావ్ అత్తయ్యా?"

"అంచు కుట్టడానికి వెలుగెందుకే. సినిమా చూడ్డానికి కావాలేమో గానీ."

మావయ్య ఆ మాట పట్టించుకోలేదు. తెరకు ఎదురుగా ఉన్న కుర్చీ అత్తయ్యకు ఇచ్చి, తాను పక్కన ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. "బాగా చూడు. కళ్ళద్దాలు తుడుచుకో," అన్నాడు. ఆ గొంతులో గొప్పలు లేవు, బతిమాలడమే ఉంది.

సినిమా మొదలైంది. గోడంతా సముద్రం. స్పీకర్లలోంచి అల విరిగితే అలమరలో గ్లాసులు గలగలమన్నాయి. ఆ అల తానే చేయించినట్టు మా ఆయన అందరి ముఖాలూ చూశాడు. నూతిలోంచి మాట్లాడుతున్నట్టు ఒక గంభీరమైన గొంతు, మునిగిన ఓడ పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టింది.

కాసేపటికి సినిమా తీసినవాళ్ళ ఓడ కనబడింది.

"అదిగో! పసుపురంగు పొగగొట్టం. చెప్పానా లేదా?" మావయ్య పీట మీంచి లేచాడు. "అదిగో విరిగిన నిచ్చెన. దాని పక్కన గుండ్రటి కిటికీ ఉంటుంది చూడు, అదే నా వంటగది!"

నిజంగానే నిచ్చెన పక్కన గుండ్రటి కిటికీ ఉంది. కిటికీలోంచి ఆవిరి కూడా వస్తోంది.

"పప్పు ఉడుకుతోంది," అన్నాడు మావయ్య, వాసన తగిలినట్టు.

అత్తయ్య చేతిలో సూది ఆగింది. ఆమె ఆ నిచ్చెన గురించి ఎన్నిసార్లు వినుంటుందో. మరదలు లేచి వెళ్ళి తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. "చూశావా అమ్మా?" అంది. అత్తయ్య కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. మావయ్య ఆమె ముఖాన్నే చూస్తున్నాడు. సినిమా చూడడం లేదు. నేను కూడా సంతోషించాను, ఎందుకు అబద్ధం చెప్పాలి. ఓ మనిషి ఇన్నేళ్ళకు గెలుస్తున్నాడనుకున్నాను.

తెర మీద మబ్బులు పట్టాయి. గంభీరమైన గొంతు ఇలా అంది:

"తుఫానుల కాలం ముంచుకొచ్చింది. గంటను బయటికి తీసే పని వాయిదా మీద వాయిదా పడుతోంది. వారం వారం వచ్చే సరుకుల పడవలో చాలామంది సిబ్బంది తమ ఇళ్ళకు తిరిగి వెళ్ళిపోయారు. ఉండమని ఎవరినీ బలవంతపెట్టలేదు. గంట పైకి వచ్చే ఆ ఒక్క క్షణం కోసం, కొద్దిమంది మాత్రం తమ ఇష్టంతోనే ఉండిపోయారు."

మావయ్య మెల్లగా పీట మీద కూర్చున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని.

మా ఆయనకు ఇవేవీ పట్టవు. "వచ్చేస్తోంది, గంట వచ్చేస్తోంది! మావయ్యగారూ, సిద్ధమా?" అని అరిచాడు.

నీళ్ళు కారుతూ, నాచు పట్టిన పెద్ద గంట పైకి లేచింది. కెమెరా దాన్ని అనుసరించి పైకి ఎక్కింది. పై అంతస్తు కటకటాలు వచ్చాయి. కటకటాల వెనక వరసగా మనుషులు నిలబడ్డారు. అయితే మోకాళ్ళ దాకానే. బూట్లు, పిక్కలు, ప్యాంట్లు ఉన్నాయి. ఒక్కరికీ నడుము లేదు, తల లేదు.

"తలకాయలేవి?" అంది మరదలు.

మా ఆయన బొమ్మను అక్కడే ఆపి, పాఠం చెప్పాడు. పెద్ద హాళ్ళలో తెర నిలువుగా చాలా ఎత్తుంటుందట. ఇళ్ళలో తెరలు అడ్డంగా వెడల్పుంటాయట. అందుకని బొమ్మను పైనా కిందా కోసి పంపారట. మావయ్యగారి ముఖం ఆ కోతలో పోయిందన్నమాట.

"ఉండండి, పైకి జరిపి చూస్తా," అని ప్రొజెక్టరు కింద రెండు నిఘంటువులు పెట్టాడు. బొమ్మ మొత్తం గోడ మీద పైకి పాకింది. కాళ్ళన్నీ గడియారం మీదకెక్కి, అక్కడి నుంచి కప్పు మీదకెళ్ళాయి. తలలు మాత్రం రాలేదు.

"వద్దులే అల్లుడూ," అన్నాడు మావయ్య. "కట్టెయ్. నేను లేనులే అందులో."

"అదేంటి నాన్నా? వీటిలో నీ కాళ్ళేవి?"

"అసలు నేను లేనమ్మా. ఆ పూట వంటగదిలో ఉన్నానేమో. గుర్తులేదు."

ఇన్నేళ్ళూ ఉన్నానని చెప్పి చెప్పి, తెర మీదకొచ్చాక లేనంటున్నాడు. కానీ వరసలో చివర ఎవరివో కాళ్ళున్నాయి. ఎడమ కాలు నేల మీద ఉంది, కుడి పాదం ఎడమ పిక్క మీద ఉంది. మావయ్య వంటగదిలో మేం ఎప్పుడూ చూసే కొంగ. నేను చూశాను. మరదలు చూసింది. మా ఆయన కూడా చూసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకున్నాడు.

అత్తయ్య లేచింది. నిఘంటువులు తీసి పక్కన పెట్టింది. కాళ్ళు కప్పు మీంచి దిగి మళ్ళీ గోడ మీదకొచ్చాయి. తెర దగ్గరకు నడిచి, చివరి కాళ్ళ ముందు ఆగింది. సగం సముద్రం ఆమె వీపు మీద పడింది.

"ఇవి మీవే," అంది.

"ఒంటికాలి మీద నిలబడేవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణేనా?"

"నీలం ప్యాంటుకి తెల్లదారంతో అంచు కుట్టి ఉంది చూడండి. కడుపుతో ఉన్నాను, మెట్లు దిగి నీలం దారం కోసం వెళ్ళలేక, ఇంట్లో ఉన్న తెల్లదారంతో కుట్టిచ్చాను. ఎవరు చూస్తారులే అన్నారు మీరు."

అందరం చూశాం. నీలం బట్ట మీద తెల్లటి కుట్లు, ఒక్కొక్కటీ బియ్యపు గింజంత. ఆరంతస్తుల తెర కోసం తీసిన సినిమా కదా, దారం పోగు కూడా పోలేదు.

"వారం వారం పడవొచ్చేదా?" అని అడిగింది అత్తయ్య.

మావయ్య తల దించుకున్నాడు.

ఇక్కడ మా మరదలు, పాపం, తండ్రిని కాపాడబోయింది. "నేను పుట్టినట్టు నాన్నకి తెలీదు కదమ్మా. తెలిస్తే వచ్చేవాడే. కదా నాన్నా?"

ఒక్క అబద్ధం ఆడితే పోయేది. మూటలు మోసిన రేవు కథంత అందమైన అబద్ధం కూడా అక్కర్లేదు, తెలీదంటే చాలు. కానీ ఆయన కూతురి ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయాడు.

"తెలుసు తల్లీ. వైర్‌లెస్ గదిలోంచి కేకేసి చెప్పారు. ఆ రోజు ఓడ మొత్తానికి పాయసం వండి పెట్టాను. మర్నాడు పడవొచ్చింది. ఎక్కేవాణ్ణే. రేపో ఎల్లుండో గంట తీస్తారన్నారు. అంత పెద్ద తెర మీద... వంటవాణ్ణి ఎవరు చూస్తారమ్మా? తిన్నవాళ్ళు పళ్ళెం వైపు చూస్తారు గానీ. ఒక్కసారి అందరూ చూస్తారు కదా అనుకున్నాను. తరువాత గాలివాన పట్టుకుంది. ఇంకో పడవొచ్చింది. ఇన్నాళ్ళు ఉండి ఇప్పుడు పోవడమేంటనిపించింది."

"ఓడ మొత్తానికి పాయసం పెట్టారు," అంది అత్తయ్య. "నేను ఆసుపత్రిలో నీళ్ళు తాగి పడుకున్నాను."

మా ఆయన ఎందుకో స్పీకర్ల శబ్దం తగ్గించాడు, బొమ్మ ఆగిపోయి ఉందని కూడా మరిచి.

"నేను నీకు అబద్ధం చెప్పలేదుగా," అన్నాడు మావయ్య చివరికి. "ఓడ నిజం, గంట నిజం, నేనున్నది నిజం. ఇన్నేళ్ళుగా నమ్మమనే కదా మొత్తుకుంటున్నాను."

"నమ్మాను," అంది అత్తయ్య. "ఇన్నాళ్ళూ మీరు అబద్ధం చెప్తున్నారనుకుని క్షమించాను. ఇప్పుడు నిజమని తేలింది. ఇప్పుడేం చెయ్యమంటారు?"

అత్తయ్య మళ్ళీ కుర్చీలో కూర్చుని, సూదిలోంచి జారిపోయిన దారాన్ని ఎక్కించుకుంది. రెండు మూడుసార్లు తప్పింది. నేను లేచి కిటికీ తెరలు తీసేశాను. వెలుతురు పడగానే గోడ మీద ఓడ, గంట, కాళ్ళు అన్నీ వెలిసిపోయాయి. మావయ్య ఇస్త్రీ చొక్కాతో పీట మీద అలాగే కూర్చున్నాడు. కొరివితో తల గోక్కున్నాడు, ఎవరేం చేస్తారు? మరదలు ఆయన పక్కన కూర్చోలేదు. అమ్మ పక్కకు వెళ్ళి, ఆమె ఒళ్ళో ఉన్న ప్యాంటు రెండో కాలు పట్టుకుని కూర్చుంది.

వాళ్ళేమీ విడిపోలేదు. ఈ వయసులో ఎవరు ఎక్కడికి పోతారు? అన్నం వడ్డిస్తుంది, మందులు గుర్తు చేస్తుంది, మాట్లాడుతుంది కూడా. మావయ్య మునుపటిలాగే వండుతాడు, అయితే ఇప్పుడు రెండు కాళ్ళ మీద నిలబడి. కూర రుచి ఏమీ తగ్గలేదు.

మొన్న నేను వెళ్ళేసరికి అత్తయ్య మిషను మీద ఉంది. వీధిలో వాళ్ళందరి ప్యాంట్లూ దండెం మీద వేలాడుతున్నాయి. ఒక పెద్దమనిషి తన ప్యాంటు కోసం కూర్చుని ఉన్నాడు. మావయ్య టీ పట్టుకొచ్చాడు. తన కొత్త ప్యాంటు కాళ్ళు తానే నాలుగు మడతలు మడుచుకున్నాడు. ఒక మడత విడిపోయి నేల ఊడుస్తోంది.

"మీరేనా ఆ పెద్ద సినిమాలో ఉన్నది? మంగలి చెప్పాడు," అన్నాడు పెద్దమనిషి. "ఆరంతస్తుల ఎత్తుంటారట?"

మావయ్య గ్లాసు కింద పెట్టి, అత్తయ్య వైపు ఓరగా చూశాడు. ఆ చూపు చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"అబ్బే, ఉత్త కోతలండీ," అన్నాడు. "నేను ఓడెక్కిందీ లేదు, సినిమాలో ఉన్నదీ లేదు. పని పోయి, ఇంటికి రాడానికి సిగ్గేసి, ఏదో రేవులో మూటలు మోస్తూ ఉండిపోయాను. ఆ సంగతి చెప్పుకోలేక అల్లుకున్న కథండీ."

ఆమె లోపలి మాట ఆయన దాకా ఎలా చేరిందో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు. ఆయన ఆ మాటల్ని, చలేసినవాడు ఎవరిదో పాత కోటు తొడుక్కున్నట్టు, ఒక్కొక్కటే తొడుక్కుని చూపిస్తున్నాడు.

మిషను ఆగింది. అత్తయ్య పళ్ళతో దారం తెంపి, ప్యాంటు మడిచి పెద్దమనిషి చేతికిచ్చింది.

"ఓడెక్కారండీ," అంది. "నేను చూశాను."